ఆడవాళ్ళ గేటు దగ్గర మహమూదా

మహమూదాకు ఈ కాలపు దయ్యాల సినిమాలంటే కోపం. ఆ మాట వింటే జనం నవ్వుతారు. అరవై ఏళ్ళ మనిషి. ప్రొద్దుటూరు మల్టీప్లెక్సులో ఆడవాళ్ళ సంచులు తడిమి లోపలికి పంపే పని. సినిమా ఎట్లుంటే ఈమెకేమి అంటారు. ఆమె సంచి జిప్పు కొంచెం గట్టిగా లాగుతుంది.

ఆమె పుట్టింది జమ్మలమడుగులో. వాళ్ళ నాయన ఎండాకాలం పెన్న ఏటి ఇసుకలో కలింగర పుచ్చతీగలు పెట్టేవాడు. ఏటి ఒడ్డున టూరింగ్ టాకీసు డేరా పడేది. మొదటి దయ్యాన్ని ఆ డేరాలో, తల్లి ఒడిలో కూర్చుని చూసింది. తెల్లచీర, విరబోసిన జుట్టు, చేతిలో దీపం. పాట పాడుకుంటూ పాడుబడ్డ బంగళా మెట్లు దిగేది. చివరి రీలులో తెలిసింది, అది దయ్యం కాదని, ఆస్తి కోసం ఎవరో వేయించిన వేషమని. డేరాలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మహమూదాకు మోసపోయినట్టు అనిపించింది.

“నిజం దయ్యమే అయ్యింటే బాగుండు గదమ్మా” అంది.

వాళ్ళమ్మ నెత్తిన ఒక మొట్టికాయ వేసింది.

ప్రొద్దుటూరులో సినిమాహాలు ఆపరేటరు గౌస్ మొహిద్దీన్‌తో పెళ్ళయింది. ఆ హాలు యజమాని బట్టల వ్యాపారి పట్టాభిరామయ్య శెట్టి. ఆ రోజుల్లో హాల్లో ఆడవాళ్ళకు వేరే గేటు, వేరే బెంచీలు. మగవాళ్ళ వైపు కనపడకుండా మధ్యలో చెక్క అడ్డం. ఆడవాళ్ళ గేటుకు ఆడమనిషే ఉండాలి. శెట్టి గౌస్‌ను అడిగాడు, గౌస్ భార్యను అడిగాడు. ఒక స్టూలు, ఒక టార్చిలైటు, గేటు పక్కన నీళ్ళ డ్రమ్ము. అదే ఉద్యోగం.

ఎనభైలలో దయ్యాల సినిమాలు మారాయి. వేషం దయ్యాలు పోయాయి. మంత్రగాళ్ళు వచ్చారు, నిమ్మకాయలు వచ్చాయి, సూదులు గుచ్చిన పిండిబొమ్మలు వచ్చాయి. చంపబడిన ఆడది ఇంకొక ఆడదాని ఒంట్లోకి దిగేది. దిగి, తనను ఎవరు చంపారో పేర్లు చెప్పేది. భూస్వామి పేరు, మొగుడి పేరు, మరిది పేరు. ఒక్కొక్కడినీ వెతికి చంపేది. హాల్లో మగవాళ్ళ వైపు ఈలలు వినపడేవి కావు. ఆడవాళ్ళ వైపు బెంచీలు కదిలేవి.

అట్లాంటి ఒక సినిమా నడుస్తుండగా, బెంచీల మధ్యలోంచి ఒక కోడలు లేచి కేక పెట్టింది. పేరు లక్ష్మీదేవి. వల్లూరు దగ్గర పొలాలున్న ఇంటిది, కొత్తగా పెళ్ళయింది. జుట్టు ఊడదీసుకుని ఊగుతోంది. పక్కనున్న ఆడవాళ్ళు చెదిరిపోయారు. మహమూదా ఆమె నడుము పట్టుకుని నీళ్ళ డ్రమ్ము దగ్గరికి ఈడ్చుకొచ్చి, ముఖాన నీళ్ళు కొట్టింది. ఏం చేయాలో తెలియలేదు. తెర మీద మంత్రగాడు అడిగినట్టే అడిగింది.

“ఎవురు నువ్వు? యాడిదానివి? ఏం గావాల?”

లక్ష్మీదేవి గొంతు మారింది.

“దీన్ని కొడ్తాండాడు. బెల్టు తీసుకోని కొడ్తాండాడు. ఇంగొక దెబ్బ పడితే వాని కుడిచెయ్యి ఎండబెడ్తా. దీన్ని దీని పుట్టింటికి పంపమను.”

అప్పటికి మొగుడు మగవాళ్ళ వైపు నుంచి పరిగెత్తుకొచ్చి నిలబడి ఉన్నాడు. విన్నాడు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు.

“దయ్యం గాలప్పా” అంది మహమూదా. “మాట్లాడింది నీ పెండ్లాం గాదు. ఆమెకు ఏం తెల్దు. ఆమెనేమనగాకు. అది అడిగింది మాత్రం జెయ్యి.”

వాడు నీళ్ళ డ్రమ్ముకు దండం పెట్టాడు. లక్ష్మీదేవి మర్నాడే పుట్టింటికి పోయింది. మళ్ళీ వచ్చాక వాడు ఆమె మీద చెయ్యెత్తలేదని ఆ ఊరి ఆడవాళ్ళు చెప్పారు.

అది అలవాటయింది. ప్రతి దయ్యం సినిమాకూ ఎవరో ఒకరు లేచేవాళ్ళు. మహమూదా డ్రమ్ము దగ్గరికి తెచ్చేది, అడిగేది, వినేది. గాలి చెప్పిన మాటకు ఆ ఆడదానికి పూచీ లేదు. గాలి అడిగినదాన్ని కాదనే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. ఈ రెండూ ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసినవే. పులివెందుల వైపు నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు.

“మాది సినిమాహాలు, నీది కోర్టు” అనేవాడు గౌస్, రీలు మార్చి బీడీకి దిగివచ్చినప్పుడు. “నిజం చెప్పు మే, వాళ్ళకు నిజంగా గాలి సోకుతాందా?”

“నాకేం తెల్సు. నేను డాక్టర్నా?”

“ఒగర్నన్నా అడిగినావా?”

“అడగను. నువ్వు గూడా అడగగాకు.”

తర్వాత సినిమాలు మళ్ళీ మారాయి. ఇప్పుడు మంత్రగాడి చోట కళ్ళద్దాల డాక్టరు వచ్చాడు. ఆడది ఊగుతుంటే పక్కన నిలబడి, ఇది దయ్యం కాదు, మనసుకు వచ్చిన జబ్బు అని వివరించేవాడు. జనం తల ఊపారు. ఆ తర్వాత హాల్లో ఎవరైనా లేచినా, మొగుళ్ళు నీళ్ళ డ్రమ్ముకు దండం పెట్టడం మానేశారు. “తలకాయ చెడినాది, కర్నూలు ఆస్పత్రికి తీసుకపోవాల” అనేవాళ్ళు. మాత్రలు తెచ్చేవాళ్ళు. మాత్రలు మింగిన ఆడది మగతగా కూర్చునేది. ఆమె ఏం చెప్పాలనుకుందో మళ్ళీ ఎవరూ అడగలేదు. మహమూదా ఆ డాక్టరు పాత్రను తిట్టినంతగా ఏ విలన్‌నూ తిట్టలేదు.

ఆ తర్వాతవి నవ్వుల దయ్యాలు. ఒక బంగళా, అందులో నలుగురు హాస్యగాళ్ళు. దయ్యం వచ్చి చెంప మీద కొడుతుంది, వాళ్ళు బల్లకింద దూరతారు. మగవాడు నైటీ వేసుకుని దయ్యమవుతాడు. దయ్యానికి ఎందుకు చచ్చిందన్న కథ ఒకటి ఉంటుంది. అది వచ్చేటప్పుడు జనం లేచి బొరుగులు కొనుక్కోవడానికి బయటికి వస్తారు. మహమూదా గేటు దగ్గర కూర్చుని ఆ నవ్వులు వినేది.

“సచ్చిందానికి పగ ఉండాల గానీ పకపకలేంది?” అనేది గౌస్‌తో.

“జనం మారినారు మే. భయం అమ్ముడుపోదు.”

“భయం పోతే మంచిదే. ఇంట్లో ఉండేవాని భయం పోయిందా? దయ్యం భయం ఒగటే పోయింది.”

ఆ హాలు మూతపడింది. గౌస్ కూడా పోయాడు. హాలు ఉన్నచోట పెళ్ళిమంటపం లేచింది. మహమూదా మల్టీప్లెక్సులో చేరింది. ఇక్కడ ఆడవాళ్ళ గేటు లేదు, చెక్క అడ్డం లేదు. అవి లేనందుకు ఆమెకు బాధ లేదు. నీళ్ళ డ్రమ్ము లేనందుకే బాధ.

ఈ ఏడు వచ్చిన ఒక దయ్యం సినిమాకు మేనేజరు యశ్వంత్ ఒక ఏర్పాటు చేశాడు. మంచి పిల్లవాడే, ఎప్పుడూ తొందరలో ఉంటాడు. కడప నుంచి ఒక అమ్మాయిని కుదుర్చుకొచ్చాడు. ఆట మధ్యలో ఆ అమ్మాయి జనంలోంచి లేచి, జుట్టు విరబోసుకుని కేకలు పెట్టాలి. పక్కవాళ్ళు బెదిరిపోవాలి. ఫోన్లలో తీసిన ఆ వీడియోలు ఊరంతా తిరగాలి. మొదటి రెండు రోజులూ తిరిగాయి కూడా. హాలు నిండింది.

“ఇది మంచిది గాదు సారూ” అంది మహమూదా.

“ఎవరికి నష్టమమ్మా? ఆ అమ్మాయికి దుడ్లిచ్చినాం, జనానికి సరదా.”

“రేపు నిజంగా ఒగామె లేస్తే?”

యశ్వంత్ నవ్వాడు. “ఈ కాలంలో ఎవరు లేస్తారు బూబమ్మా?”

మూడోరోజు మ్యాట్నీకి లక్ష్మీదేవి వచ్చింది. జుట్టు నెరిసింది, మనిషి లావెక్కింది. భర్త చచ్చిపోయాక కొడుకు నాగేంద్ర దగ్గర ప్రొద్దుటూరులోనే ఉంటోంది. నాగేంద్రకు బోరు పైపుల దుకాణం ఉంది. వెంట కోడలు ప్రశాంతి. లింగాల దగ్గరి పిల్ల.

“బాగుండావా బూబమ్మా?” అంది లక్ష్మీదేవి.

“ఉండా. నీ కోడలా?”

“ఊఁ. యాడికీ రాదు. పోదాం రామ్మని నేనే పిల్చుకోనొచ్చినా.”

మహమూదా కోడలి సంచి తెరిచింది. సంచిలో ఏమీ లేదు. ఫోను లేదు, చిల్లర పైసా లేదు, చేతిగుడ్డ లేదు. సినిమాకు వచ్చిన ఆడదాని సంచి అంత ఖాళీగా ఉండడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ముఖం చూద్దామనుకునేలోపు, వాళ్ళ వెంట వచ్చిన నాగేంద్ర ముందుకొచ్చి భార్య భుజం మీద చెయ్యి వేసి లోపలికి నడిపించాడు.

సినిమాలో ఒక చోట, పాతగదిలో ఉన్న ఆడది లోపల నుంచి తలుపు బాదుతుంది. బయట హాస్యగాడు వణుకుతూ, తెరవనా వద్దా అని నాణెం ఎగరేస్తాడు. జనం పడీపడీ నవ్వుతారు. ఆ నవ్వుల మధ్య ప్రశాంతి లేచి నిలబడింది.

“తలుపు తియ్యండి” అంది. మొదట మెల్లగా. తర్వాత గట్టిగా. “తలుపు తియ్యండి! నాకు ఊపిరాడ్తాలేదు. సచ్చిపోతా. తలుపు తియ్యప్పా!” ముందు సీటును రెండు అరచేతులతో బాదుతోంది.

హాలంతా తిరిగి చూసింది. ఫోన్లు పైకి లేచాయి.

“నిన్నటిదానికంటే ఈరోజుది బాగా జేస్తాంది” అన్నాడు ఎవడో. ఇంకెవడో ఈల వేశాడు. “తీస్తాం తల్లీ, తాళం చెవి యాడుండాది?” అని అరిచాడు. మళ్ళీ నవ్వులు. కొందరు చప్పట్లు కొట్టారు.

మహమూదా తలుపు నెట్టుకుని లోపలికి వచ్చింది. అడ్డమొచ్చిన ఫోనును చేత్తో పక్కకు కొట్టింది. ప్రశాంతిని పట్టుకుని ఆడవాళ్ళ బాత్రూముకు తీసుకుపోయింది. కొళాయి తిప్పి ముఖం కడిగింది. ఆ పిల్ల అరచేతులు ఎర్రగా వాచి ఉన్నాయి. ఆ వాపు ఈ సీటును బాదితే వచ్చింది కాదు.

పాత మాట నోటికి దానంతటదే వచ్చింది. “ఎవురు నువ్వు? ఏం గావాల?”

ప్రశాంతి అయోమయంగా చూసింది. “నేనే ఆంటీ. ప్రశాంతిని.”

“అట్ల జెప్పగాకు పాపా. గాలని చెప్పు. ఎవురన్నా అడిగితే, నాకేం తెల్దు, గాలి మాట్లాడింది అను.”

“గాలేంది ఆంటీ?”

ఆ పిల్లకు ఆ దారి తెలియదు. చెప్పేవాళ్ళు లేరు. మహమూదా చెప్పబోయేసరికి లక్ష్మీదేవి లోపలికి వచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది. బయట నాగేంద్ర జనానికి నవ్వుతూ చెబుతున్నాడు. “ఈమెకు ఏసీ పడదన్నా. అంతే.”

సాయంత్రానికి వీడియో ప్రతి ఫోనులోనూ ఉంది. ఎవరో కోతి కూతలు, డప్పు శబ్దాలు కలిపారు. హాలు కూడా నవ్వే బొమ్మలు తగిలించి తన పేజీలో పెట్టుకుంది. మహమూదా యశ్వంత్ గదికి పోయి బల్ల మీద చరిచింది.

“తియ్యి దాన్ని.”

“అమ్మా, కూర్చో…”

“కూర్చోను. ఆ పిల్ల సచ్చిపోతానంటాంటే మీరు నవ్వే బొమ్మలు పెడ్తిరి. మీయమ్మ అట్ల అరిస్తే పెడ్తావా? తియ్యి!”

అతను తీసేశాడు. తీసేసినట్టు ఫోను తిప్పి చూపించాడు కూడా. అప్పటికే లింగాలలో ప్రశాంతి పుట్టింటివాళ్ళు చూసేశారు.

ఆదివారం పొద్దున లక్ష్మీదేవి కబురు పంపింది. ప్రశాంతి తండ్రి ఆదినారాయణరెడ్డి వచ్చాడని, ఒక్కసారి ఇంటికి రమ్మని. మహమూదా పోయింది. వసారాలో కుర్చీలు వేశారు. ఆదినారాయణ చీనీబత్తాయి తోటల రైతు. పొద్దున్నే లేచి పులివెందులలో బస్సు పట్టుకుని వచ్చాడు. చేతిలో చీనీకాయల సంచి ఇంకా కింద పెట్టలేదు. నాగేంద్ర కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ప్రశాంతి గోడకు ఆనుకుని నిలబడింది.

“పరువు పాయ మామా” అన్నాడు నాగేంద్ర. “దుకాణంలో కూలోళ్ళు గూడా నా మొగం జూసి ‘తలుపు తియ్యప్పా’ అంటాండారు.”

“పిల్లకు బాగలేదేమో అల్లుడా” అన్నాడు ఆదినారాయణ. “దయ్యం గియ్యం సోకినాదేమో. దర్గాకు పిల్చుకపోదాం.”

“అదే మేమూ అంటాండాం” అని లక్ష్మీదేవి అందుకుంది. “అందుకే ఈమెను పిలిపించినా. ఇట్లాంటివి శానా చూసింది. చెప్పు బూబమ్మా. గాలే గదా?”

నాగేంద్ర కూడా తల ఊపాడు. ఆ మాట అతనికి బాగా సరిపోయింది. గాలయితే గదీ లేదు, గొళ్ళెమూ లేదు. ఒక తాయెత్తు కట్టిస్తే అయిపోతుంది. దానికి భయపడవలసిన పని కూడా లేదు. గాలంటే ఇప్పుడు నవ్వే కదా.

మహమూదా లక్ష్మీదేవి వైపు చూసింది. లక్ష్మీదేవి దగ్గరికి వచ్చి, వినపడీ వినపడకుండా అంది.

“ఆపొద్దు నా మొగునికి జెప్పినావు గదా. అట్లనే జెప్పు. నీకు పుణ్యముంటాది.”

మహమూదా గొంతు తగ్గించలేదు.

“ఆపొద్దు జెప్పింది నిన్ను కాపాడేదానికి మే. ఈపొద్దు జెప్తే ఎవుర్ని కాపాడినట్ల? నీ కొడుకునా?”

“బూబమ్మా…”

“నీ ఈపున వాతలు నేను జూసినా. నా చేతుల్తో నీళ్ళు బోసినా. అట్లాంటిదానివి, నీ ఇంట్లో ఈ పిల్ల తలుపు బాదుతాంటే నువ్వు ఏం జేస్తాంటివి? టీవీ సౌండు పెంచినావా?”

నాగేంద్ర కాలు దించాడు.

“ఏయ్, సంచులు చూసేదానివి, మా ఇంట్లోకి వచ్చి…”

“నీ ఇంటికి నేను రాలేదప్పా. మీయమ్మ పిలిచింది. అడిగింది. చెప్తాండా.” ఆదినారాయణ వైపు తిరిగింది. “గాలి లేదు, ఏం లేదు రెడ్డీ. మాట్లాడింది నీ కూతురే. నన్ను అడిగేది యాల? ఆ పిల్ల ఈడనే నిలబడుకోనుండాది. ఒగరన్నా అడిగినారా?”

ఆదినారాయణ సంచి కింద పెట్టాడు.

“యాడమ్మా?” అన్నాడు. “ఏ తలుపు?”

ప్రశాంతి చెయ్యి చూపించింది. మెట్ల కింద ఒక చిన్న తలుపు. నాగేంద్ర లేచి అడ్డం వచ్చాడు. “సామాన్ల గది మామా, పైపులుంటాయి” అన్నాడు. ఆదినారాయణ అతన్ని తోయలేదు. అతని పక్కనుంచి నడిచి, గొళ్ళెం తీసి, తలుపు తెరిచాడు.

పైపులు ఉన్నాయి. పైపుల పక్కన చుట్టిన చాప. ఒక గ్లాసు. మూలన మూత పెట్టిన బకెట్టు. కిటికీ లేదు. తలుపు లోపలి వైపు, మనిషి ఎదురొమ్ము ఎత్తున, రంగు పోయి చెక్క బయటపడి ఉంది.

ఆదినారాయణ వంగి బకెట్టు మూత ఎత్తాడు. వెంటనే దించేశాడు. అటు తిరిగే నిలబడ్డాడు. నాగేంద్ర ఏదో చెబుతున్నాడు. మొండిదని, చెప్పిన మాట వినదని, ఒక గంట పెడితే దారికొస్తుందని, ఎవరింట్లో లేదని. ఆ మాటలు ఆ గదిలోకి పోయి ఆగిపోతున్నాయి.

“ఎన్ని దినాలాయ పాపా?” అన్నాడు తండ్రి, తిరగకుండానే.

“ఉగాది ముందర నుంచి నాయనా.”

“ఫోన్లో ఒగ మాట జెప్పేదానికేమి?”

“ఆయన పక్కన కూర్చోనుంటాండె.”

ఆదినారాయణ బయటికి వచ్చాడు. అల్లుడి ముఖం చూడలేదు. వియ్యపురాలి ముఖం చూడలేదు. “చెప్పులేసుకో” అన్నాడు కూతురితో.

వీధిలోకి వచ్చాక అతను బస్టాండు వైపు తిరిగాడు. మహమూదా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

“అట్ల గాదు రెడ్డీ. ఇంటికి తీసుకపోతే నాలుగు దినాల్లో పెద్దమనుషుల్ని ఎంటేసుకోని వస్తాడు. నీ కులపోళ్ళే వస్తారు. సర్దుకపో అంటారు. నువ్వు మెత్తటోనివి, పంపిస్తావు.”

“పంపను.”

“పంపిస్తావు. ఇందాక దయ్యమంటివి గదా.”

ఆదినారాయణ తల దించుకున్నాడు. కోపం వచ్చినట్టుంది. ఎవరి మీదో అతనికే తెలిసినట్టు లేదు. ముగ్గురూ పోలీసు స్టేషను వైపు నడిచారు.

స్టేషనులో ఒక కానిస్టేబులు ప్రశాంతిని చూసి, ఫోనులో చూసిన ముఖమని గుర్తుపట్టి, పక్కవాడి భుజం గిల్లి నవ్వబోయాడు. మహమూదా అతని ఎదుట పోయి నిలబడింది. అతను నవ్వు మింగి, లోపల ఉన్న ఆడ ఎస్సైని పిలిచాడు. ఆమె బయటికి వచ్చి, కుర్చీలు చూపించి, ఏమి సంగతి అని అడిగింది.

“మా పాపకమ్మా…” అని ఆదినారాయణ మొదలుపెట్టాడు.

“నువ్వుండు నాయనా” అంది ప్రశాంతి.

ప్రశాంతి ఎస్సై ఎదుటి కుర్చీని ముందుకు లాక్కుని కూర్చుంది. మంచినీళ్ళు అడిగింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగింది. తర్వాత మామూలు గొంతుతో చెప్పడం మొదలుపెట్టింది.